మన ఇంటి నీళ్లు ఎవరి కుండలోనికి?



పోయిన మాసము ఈ పేజీలో పిల్లల చదువులను గూర్చి వ్రాశాము. ఈసారి చెత్తను గూర్చి, మురుగు నీళ్లను గూర్చి వ్రాయబోతున్నాము. "అయ్యగారికి వేరే సంగతే దొరకలేదా?" అని నవ్వకండి. ఈ సంగతిని మేము వెదకుకొంటూ పోలేదు. అదే ఒక గోనె సంచిలో మా గుమ్మము ముందుకు వచ్చింది.

2019 క్రిస్మస్‌కు మా సంఘములో ప్రేమ విందు చేశాము. చుట్టుప్రక్కల పల్లెలవారు కూడా వచ్చారు, మూడు వందల మందికి తక్కువ లేరు. అన్నము, మాంసము, పప్పు, పెరుగు అన్నీ సమృద్ధిగా ఉన్నవి. వడ్డించినది మాత్రము థర్మోకోల్ పళ్లెములలో, నీళ్లు పోసినది పలుచని ప్లాస్టిక్ గ్లాసులలో. కడిగే పని తప్పింది గదా అని అందరమూ సంతోషించాము. ఆ రాత్రి వాటన్నిటినీ మందిరము వెనుక గుంతలో వేసి నిప్పు పెట్టాము. నల్లని పొగ లేచింది. దగ్గుతూ పిల్లలను అవతలకు తీసికొనిపోయాము. సగము కాలింది, సగము కాలలేదు. మిగిలినది రేపు చూద్దామనుకొన్నాము. ఆ రేపు రాలేదు. 2020 మార్చిలో లాక్‌డౌను వచ్చి మందిరమే మూతబడింది. గుంత సంగతి ఎవరికి గుర్తుంటుంది?

జూను నెలలో మొదటి పెద్ద వాన కురిసిన మరునాడు, మా దిగువనున్న కుంట దగ్గర బట్టలు ఉతికే పెద్దాయన ఒకరు మా ఇంటికి వచ్చాడు. మన సంఘస్థుడు కాడు. భుజము మీద గోనె సంచి ఉన్నది. దానిని మా అరుగు మీద పెట్టి, "అయ్యగారూ, గివి మీయే. కుంటల తేలుతున్నయి. మా దిక్కు ఇంకెవ్వరు గింత పెద్ద బంతి పెట్టిండ్రు?" అన్నాడు. అతని మాటలో కోపము లేదు. పోగొట్టుకొన్న వస్తువును తెచ్చి ఇచ్చినవాని వలె నిలబడ్డాడు. అదే మమ్మును ఎక్కువ సిగ్గుపరచింది. కూర్చోబెట్టి టీ ఇచ్చాము. స్టీలు గ్లాసులో!

ఆ సంచిని విప్పి చూచినప్పుడు మాకు ఒక ప్రశ్న పుట్టింది. మనము పారవేసినది ఎక్కడికి పోతుంది? పారవేయుట అన్న మాటే తప్పేమో. ఏదీ మాయమై పోదు. వాలు ఎటు ఉంటే అటు పోతుంది.

మన చిల్కూరు వాలు ఎటున్నదో వేరే చెప్పనక్కర లేదు. కట్ట ఎక్కి చూస్తే గండిపేట కనబడుతుంది. చేవెళ్ల, మొయినాబాదు, శంకర్‌పల్లి, శంషాబాదు ప్రాంతములలో పడిన వాన చినుకు ఇటు మూసీ మీది ఉస్మాన్‌సాగర్‌కో, అటు ఈసీ మీది హిమాయత్‌సాగర్‌కో చేరవలసినదే. ఉస్మాన్‌సాగర్ అంటే మన గండిపేటే. ఈ చెరువులు ఎందుకు కట్టారో మన పిల్లలలో చాలామందికి తెలియదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచింది. సుమారు పదిహేను వేల మంది చనిపోయారని చెబుతారు. అఫ్జల్‌గంజ్ దగ్గర, తరువాత ఉస్మానియా ఆసుపత్రి ఆవరణమైన చోట, ఒక చింతచెట్టును పట్టుకొని నూరుమందికి పైగా ప్రాణములు దక్కించుకొన్నారట. ఆ తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి ఆలోచన అడిగితే, వరదను పట్టణములో కాదు, ఎగువనే పట్టుకోవాలి అని ఆయన ఉపాయము చెప్పారు. ఆ విధముగా మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తి అయినవి. వరదను ఆపుటకు కట్టినవి పట్టణమునకు త్రాగునీరు కూడా ఇచ్చాయి. మంజీర, కృష్ణ, గోదావరి నీళ్లు రాకముందు ఎన్నో ఏండ్లు పట్టణపు కుండలు నిండినది వీటితోనే. గండిపేట నీళ్లు త్రాగినవాడు హైదరాబాదు విడిచి పోడు అనే మాట మన తాతల నాటిది.

మనము ఆ కుండకు పైన కాపురమున్నాము. దీనిని మరచిపోతే మిగతా మాటలేవీ అర్థము కావు.

1996 మార్చిలో ప్రభుత్వము 111వ నంబరు ఉత్తర్వును తెచ్చింది. రెండు చెరువుల చుట్టు పది కిలోమీటర్ల లోపల కాలుష్యము కలిగించే పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు రాకూడదని దాని సారాంశము. 84 గ్రామములు దాని క్రిందకు వచ్చాయి, మన చిల్కూరు కూడా. శంషాబాదు దగ్గర పెద్దషాపూర్‌లో ఒక నూనెల పరిశ్రమ పెట్టుటకు అనుమతి అడిగితే, ఆ తగవు సుప్రీంకోర్టు వరకు పోయింది. 1999లో తీర్పు వ్రాసినవారు మన తెలుగువారైన జస్టిస్ ఎం. జగన్నాధరావుగారు. నీళ్లు పాడవుతాయని జనము ఋజువు చేయనక్కర లేదు, పాడుకావని పరిశ్రమ పెట్టేవాడే ఋజువు చేయాలి అన్న సూత్రమును ఆ తీర్పు బలపరచింది. 2000లో చివరి తీర్పు కూడా ఆ పరిశ్రమకు అనుమతి లేదనే చెప్పింది. ఆ సూత్రమును మన వంటింటి తూముకు కూడా వర్తింపజేస్తే బాగుండునని మాకు అనిపిస్తుంది.

అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ ఉత్తర్వు వలన మన రైతులు నష్టపోయామని బాధపడ్డారు. అవతలి గ్రామములో ఎకరము కోట్లు పలుకుతూ ఉంటే, ఇక్కడ కూతురి పెండ్లికి అర ఎకరము అమ్ముకోబోతే సరైన ధర రాని కుటుంబములు మా సంఘములోనే ఉన్నవి. పట్టణమువారు త్రాగే నీళ్ల కొరకు మా భూమి ఎందుకు బందీ కావాలి అని వారడిగితే మా దగ్గర జవాబు లేదు. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వము 69వ నంబరు ఉత్తర్వుతో ఆ ఆంక్షలను తొలగించింది. చెరువుల నీటి స్వచ్ఛతకు భంగము రాకూడదు అన్న షరతును మాత్రము అందులో ఉంచింది. ఆ దినమున కొందరు మిఠాయిలు పంచుకొన్నారు, కొందరు దిగులుపడ్డారు. ఆ ఆదివారము మందిరములో ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. మేము ఎవరి పక్షమూ మాటలాడలేదు. ఇప్పుడు చెప్పేదేమంటే, ఉత్తర్వు ఉన్నా పోయినా వాలు మారదు. ఆ షరతును నిలుపుకొనే పని అధికారులది మాత్రమే కాదు, ఇక్కడ పొయ్యి వెలిగించే ప్రతి ఇంటిది.

ఇక మా సంచి సంగతికి వద్దాము. కమిటీలో మాట్లాడి స్టీలు పళ్లెములు కొనాలన్నాము. డబ్బు సమస్య కాలేదు. ఒక్కొక్క కుటుంబము అయిదేసి పళ్లెములు, అయిదేసి గ్లాసులు ఇస్తామన్నారు. చిక్కు వేరే చోట వచ్చింది. స్త్రీల సమాజములో ఒక పెద్దమ్మ లేచి, "అయ్యగారూ, కొనుడు సరే. మూడు వందల పళ్లెములు తోమేది ఎవరు? మళ్లీ మేమేనా?" అని అడిగింది. ఎవరూ మాటలాడలేదు. నిజమే గదా! ఇంట్లో పొదుపు, శుభ్రము అని మనము చేసే ప్రసంగములన్నీ చివరకు ఆడవారి నడుము మీదనే పడుతున్నవి. భర్త నిర్ణయిస్తాడు, భార్య తోముతుంది. ఆ దినమే తీర్మానము చేశాము: విందులో పురుషులు, యౌవనస్థులు కడగాలి, మొదటి వరుసలో పాస్టరు కూర్చోవాలి. ఆ తరువాత వచ్చిన కోత పండుగలో మేము చేతులు పైకి మడిచి కూర్చుంటే పిల్లలు ఫోటోలు తీసికొన్నారు. మొదటి ఇరవై పళ్లెములు బాగా తోమలేదని పెద్దమ్మ తిరిగి పంపింది!

కడుగుటకు నీళ్లు ఎక్కువ పట్టవా అని మీరు అడగవచ్చు. కుళాయి విప్పి ఒక్కొక్కటి కడిగితే పడతాయి. మేము మూడు తొట్లు పెట్టాము. మొదట ఎంగిలి దులిపి, బూడిద లేక కొంచెము సబ్బు పొడితో తోమి, మొదటి తొట్టిలో ముంచి, రెండవ తొట్టిలో ముంచి, మూడవ దానిలో జాడించడము. మొదటి తొట్టి బాగా మురికి అయినప్పుడు దానిని అరటి పాదులో కుమ్మరించి, రెండవ దానిని మొదటిగా జరుపుకొన్నాము. అన్నపు మెతుకులు, కూర ముక్కలు వేరుగా ఒక గంపలో వేశాము. అవి కోళ్లకు, మిగిలినవి ఎరువు గుంటకు. అయిదువేల మందికి భోజనము పెట్టిన తరువాత ప్రభువు మిగిలిన ముక్కలను పన్నెండు గంపలలో ఎత్తించిన సంగతి మనము ఎన్నో సారులు చదివాము. మిగిలినది చెడిపోకూడదన్న శ్రద్ధ ఆ అద్భుతములో ఒక భాగమని మేము ప్రసంగించిన గుర్తు మాత్రము లేదు.

2022 జూలై 1 నుండి ఒక్కసారి వాడి పారవేసే ప్లాస్టిక్ పళ్లెములు, గ్లాసులు, చెంచాలు దేశమంతటా నిషేధించారు. అయినా అంగడిలో ఇంకా దొరుకుచున్నవి. కాగితపు గ్లాసులు మంచివని కొందరు తెచ్చుకొంటారు. వాటికి లోపల పలుచని ప్లాస్టిక్ పూత ఉంటుంది, అది మట్టిలో కలియదు. ఊరిలో పెండ్లికి స్టీలు సరిపోకపోతే మోదుగు ఇస్తరాకులు ఉన్నవి గదా. వాటిని కుట్టే ముసలమ్మలకు నాలుగు రూపాయలు వస్తాయి. మా సంఘములో అందరూ మారారని చెప్పము. మొన్నటి పెండ్లిలో కూడా చిన్న నీళ్ల సీసాలు పెట్టెలు పెట్టెలుగా వచ్చాయి. పట్టణపు చుట్టాలు ఏమనుకొంటారో అన్న భయము చాలా పెద్దది.

ఇంటిలో చేయదగినవి కొన్ని చెబుతాము. మేము చేసి చూచినవే చెబుతున్నాము. మందిరము దగ్గర కుళాయి ఒకటి బొట్లు బొట్లుగా కారుతూ ఉండేది. ఎన్ని నెలలు కారిందో! ఒక రాత్రి దాని క్రింద బకెట్టు పెట్టి పడుకొన్నాము. తెల్లవారేసరికి నిండి పొర్లుతున్నది. లోపలి వాషరు మార్చుటకు అయిన ఖర్చు ఒక టీ ఖర్చు. పాత బల్బుల సంగతి కూడా అంతే. అరవై వాట్ల బల్బు రోజుకు అయిదు గంటలు వెలిగితే నెలకు తొమ్మిది యూనిట్లు. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు అదే వెలుగు ఇస్తుంది, యూనిటున్నర కూడా కాల్చదు.

వాన నీళ్ల లెక్క విన్నప్పుడు మేము నమ్మలేదు, కూర్చొని వేసి చూచాము. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే తొమ్మిది వందల లీటర్లకు పైన నీళ్లు వస్తాయి. ఏడాదికి డెబ్బది అయిదు సెంటీమీటర్ల వాన అనుకొన్నా దాదాపు డెబ్బది వేల లీటర్లు! మందిరపు రేకుల మీద నుండి ఇన్ని సంవత్సరములు ఇవన్నీ వాకిలిని కోసుకొంటూ పోయాయి. ఇప్పుడు రేకుల క్రింద తూము కట్టి, ఒక ఇంకుడు గుంత త్రవ్వాము. అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద కంకర, పైన ఇసుక. మొదటి వాన నీళ్లలో దుమ్ము, పిట్టల రెట్ట ఉంటాయి గనుక వాటిని బయటికి వదలివేయాలి. ప్రతి సంవత్సరము వానలకు ముందు పై ఇసుక తీసి కడగాలి. కడగని గుంత రెండేండ్లలో ఇంకుట మానివేస్తుంది. మరుగుదొడ్డి నీళ్లను మాత్రము ఎన్నడూ ఆ గుంతలోనికి విడువవద్దు.

పొలము పని చేసేవారికి వేరుగా చెప్పాలి. మన వైపు కొత్తిమీర, టమాట, ఆకుకూరలు, బంతి, చామంతి తెల్లవారక ముందే గుడిమల్కాపూర్ మార్కెట్టుకు పోతాయి. మందు కొట్టడము అయిన తరువాత పంపును ఎక్కడ కడుగుతున్నారు? కుంటలోనో, కాలువలోనో కడుగుట మేము కండ్లారా చూచాము. ఆ కుంటలోనే పశువులు నీళ్లు త్రాగుతాయి, ఆ నీళ్లే దిగువకు పోతాయి. మందు డబ్బా ఖాళీ అయినప్పుడు మూడుసార్లు నీళ్లతో కడిగి ఆ కడుగు నీళ్లను పంపులోనే పోసి చేను మీదనే కొట్టాలి. కొన్న మందు కూడా దండుగ కాదు. ఆ డబ్బాకు చిల్లులు పొడవండి. కడిగినంత మాత్రమున అది నీళ్ల డబ్బా కాదు. ఏ తల్లీ దానిలో ఇంటికి నీళ్లు తేకూడదు. యూరియా రెండు బస్తాలు ఎక్కువ వేస్తే పంట రెండింతలు కాదు. పైరు తీసికొనగా మిగిలినది వానకు కొట్టుకొనిపోయి కుంటలో గుర్రపుడెక్కను పెంచుతుంది.

మా సంఘములో ఇద్దరు ముగ్గురు తాపీ పనివారు ఉన్నారు. వారిలో ఒక తమ్ముడు క్రొత్త స్తంభములకు గోనె పట్టాలు చుట్టి, వాటిని తడిపి ఉంచుతాడు. పైపు పట్టుకొని పొద్దస్తమానము నీళ్లు కొట్టడు. "గోడ పదును పోకుంటె చాలయ్యగారూ, నీళ్లు భూమి మీద పారితె గోడకేమొస్తది?" అంటాడు. డిప్లొమా చదివిన మాకు ఈ మాట తట్టలేదు.

ఫారంహౌసులలో కావలి పని చేసే కుటుంబముల సంగతి ఇంకా కష్టము. మొయినాబాదు చుట్టుప్రక్కల ఇట్టివారు ఎంతమందో మీకు తెలుసు. తోట వారిది కాదు, బోరు వారిది కాదు. పచ్చిక ఎండితే సారు కేకలేస్తాడు. ఒక సహోదరుడు ఎండాకాలములో మిట్టమధ్యాహ్నము పచ్చికకు నీళ్లు పెడుతూ, అతని భార్య మాత్రము ట్యాంకరు కొరకు బిందెలతో నిలబడుట మేము ఒకేనాడు చూచాము. ఏమి చేయగలడు? ఎదురు చెబితే ఆ గది, ఆ జీతము రెండూ పోతాయి. అతడు ఎదురు చెప్పలేదు. సాయంత్రము నీళ్లు పెడితే మోటారు సగము సేపు నడిస్తే చాలు, కరెంటు బిల్లు తగ్గుతుంది సార్ అని అడిగాడు. రాలిన ఆకులను కాల్చక మామిడి మొదళ్లలో పరచి చూపించాడు. బిల్లు చూచి సారు ఒప్పుకొన్నాడు. పచ్చిక మాత్రము అలాగే ఉన్నది. అంతవరకే అతని చేతిలో ఉన్నది, అంతవరకు అతడు చేశాడు.

చివరిగా బోర్ల సంగతి. ఇది వ్రాయుటకు చేయి ఆడదు. మన నేల క్రింద ఉన్నది గట్టి రాయి. నీళ్లు దాని పగుళ్లలోనే ఉంటాయి. పగులు తగలకపోతే వందల అడుగులు వేసినా దుమ్మే. ఒకటి ఎండితే ఇంకొకటి, అది ఎండితే మరొకటి, అప్పు మీద అప్పు. ఎండిన దాని కేసింగ్ పైపును పీకి అమ్ముకొంటారు, రంధ్రము మాత్రము మిగులుతుంది. 2017 జూన్‌లో మన చేవెళ్ల మండలము ఇక్కారెడ్డిగూడలో ఆడుకొంటున్న పసిపాప అటువంటి బోరులో పడింది. రెండు రాత్రులకు పైగా యంత్రములతో, కెమెరాలతో ఎంత ప్రయాసపడినా బ్రదుకలేదు. ఆ దినములలో మన ఇండ్లలో ఎవరికీ అన్నము సహించలేదు. గొయ్యి త్రవ్వి కప్పకుండా విడిచినవాడు అందులో పడిన పశువుకు బాధ్యుడని మోషే ధర్మశాస్త్రములో ఉన్నది. 2010లో సుప్రీంకోర్టు కూడా స్పష్టముగా చెప్పింది: వాడుకలో ఉన్న బోరు పైపుకు ఇనుప మూత బిగించాలి, చుట్టు సిమెంటు గద్దె కట్టాలి, విడిచిపెట్టిన బోరును అడుగు నుండి పై వరకు మట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చాలి. గోనె సంచి కప్పి దాని మీద రాయి పెట్టుట మూత కాదు.

ఈ వాక్యము వ్రాసి మేము కలము ప్రక్కన పెట్టి లేచి పోవలసి వచ్చింది. మా పార్సనేజీ వెనుక, జామచెట్టు అవతల, ఎండిపోయిన పాత బోరు ఒకటి ఉన్నది. రెండేండ్లుగా దాని మీద ఉన్నది ఒక సంచీ, ఒక షాబాదు బండ ముక్క మాత్రమే. సండే స్కూలు పిల్లలు ఆ చెట్టు క్రిందనే ఆడుకొంటారు. కమిటీ పెద్దలకు ఫోను చేశాము. ఒక ట్రాక్టరు మట్టి, రాళ్లు మంగళవారము ఉదయము వస్తాయి. పారలు ఉన్న యౌవనస్థులు ఏడు గంటలకు రావలెను. అంతవరకు ఆ చుట్టు ముళ్లకంప వేసి ఉంచాము.